వింబుల్డన్ క్యూలో నాన్నను నిలబెట్టవచ్చా?

పచ్చిక_ప్రేమికుడు
ఈ ఏడాది (2025) కూడా వింబుల్డన్ టెన్నిస్ టికెట్ల లాటరీ (బ్యాలట్)లో నా పేరు రాలేదు. నా ఒక్కడి సంగతే అయితే టీవీతో సరిపెట్టుకునేవాణ్ని. కానీ జూన్‌లో మా నాన్న తెనాలి నుంచి రెడింగ్‌లోని మా ఇంటికి వస్తున్నారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. స్వీడన్ టెన్నిస్ ఆటగాడు ఎడ్‌బర్గ్ అంటే ప్రాణం. బెకర్‌తో ఎడ్‌బర్గ్ 1988, 89, 90లో వరుసగా ఆడిన మూడు ఫైనల్స్‌నూ దూరదర్శన్‌లో చూశారు. 90 నాటి అయిదో సెట్ గురించి ఇప్పుడు అడిగినా అన్నం తినడం ఆపి మరీ చెబుతారు. ఇంత దగ్గరికి వచ్చి ఆ మైదానంలో అడుగు పెట్టకుండా ఆయన తిరిగి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

బయట టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైట్‌లో సెంటర్ కోర్టు ధర చూస్తే కడుపు మండింది. నాన్న రానూపోనూ విమాన ఛార్జీ కన్నా ఎక్కువ! అంత పోసి కొన్నాక గేటు దగ్గర చెల్లదంటే ఎవరిని అడగాలి? ఇక మిగిలింది ఆ రోజు టికెట్ల కోసం పార్కులో కట్టే క్యూ. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని గంటల తరబడి పార్కులో ఉంచవచ్చా? రాత్రి గుడారంలో పడుకోవాల్సిందేనా? సెంటర్ కోర్టు దొరకకపోతే గ్రౌండ్ పాస్‌తో (పెద్ద కోర్టులు కాక మిగతావి చూడనిచ్చే టికెట్) లోపలికి వెళ్లి ప్రయోజనం ఉందా? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి.

లండన్_లావణ్య
ముందుగా, ఆ వెబ్‌సైట్ జోలికి వెళ్లకండి. వింబుల్డన్‌లో డిబెంచర్ టికెట్లు (క్లబ్బుకు పెట్టుబడి పెట్టినవాళ్లకు దక్కేవి) తప్ప మరేవీ చట్టబద్ధంగా చేతులు మారవు. మిగతావి బయట కొంటే రద్దు చేసే హక్కు పోటీలు నిర్వహించే క్లబ్బుకు ఉంది.

ఇక క్యూ. పేరుకు క్యూ అంటున్నాం కానీ రోజంతా నిలబడి ఉండరు. చర్చ్ రోడ్డుకు ఎదురుగా ఉన్న వింబుల్డన్ పార్కు పచ్చికలో వరుసలుగా కూర్చుంటారు. సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగితే పావుగంట నడక. చేరగానే మీ స్థానానికి ఒక నంబరు ఇస్తారు, ఆ రోజుకే చెల్లుతుంది, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. నంబరు చేతిలో పడ్డాక నెట్టుకోవడం, ముందుకు దూరడం ఉండవు. మరుగుదొడ్లు, తాగునీరు, తినుబండారాల దుకాణాలు అక్కడే ఉంటాయి. కాసేపు లేచి తిరిగి రావచ్చు, అరగంట దాటకూడదు.

సెంటర్ కోర్టు, ఒకటో నంబరు, రెండో నంబరు కోర్టులకు రోజూ సుమారు 500 చొప్పున టికెట్లు క్యూలో అమ్ముతారు. చివరి నాలుగు రోజులు మాత్రం సెంటర్ కోర్టువి ఉండవు. ఆ టికెట్లు కావాలనుకునేవాళ్లే ముందురోజు వచ్చి గుడారాలు వేసుకుంటారు. గుడారం ఇద్దరు పట్టేది దాటకూడదు, తెల్లవారుజామునే లేపి విప్పించేస్తారు. మీ నాన్నగారికి ఆ శ్రమ పెట్టకండి. గ్రౌండ్ పాస్ చాలనుకుంటే తెల్లవారాక వచ్చినా సరిపోతుంది. మొదటి వారంలోనే రండి, అప్పుడే అన్ని కోర్టుల్లోనూ ఆటలుంటాయి.

మడత కుర్చీ తెచ్చుకోండి. లోపలికి అనుమతించరు కాబట్టి క్యూలో వాడుకుని, గేటు దగ్గర సామాన్ల కౌంటర్‌లో అప్పగించాలి.

బేస్‌లైన్_బాబాయి
అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి. ఇందులో ఆలోచించడానికి ఏముంది బాబూ? వద్దు. లావణ్య చెప్పినవన్నీ పాతికేళ్లవాళ్లకు బాగుంటాయి.

ఆయన సెప్టెంబరు దాకా ఉంటే మ్యూజియానికి, మైదానం టూర్‌కు తీసుకెళ్లండి. గైడు వెంట ఉండి గంటన్నర తిప్పుతాడు. సెంటర్ కోర్టులో కుర్చీల్లో కూర్చోబెడతారు, ఆటగాళ్లు విలేకరులతో మాట్లాడే గది చూపిస్తారు. అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెబుతారు. 1877లో మొదటి పోటీ జరిగినప్పుడు 22 మంది ఆడారనీ, ఆ స్థలం ఇది కాదనీ, వోర్పుల్ రోడ్డులో ఉండేదనీ, ఇక్కడికి 1922లో మారారనీ నేను అక్కడే తెలుసుకున్నాను. 1940 అక్టోబరులో బాంబు పడి సెంటర్ కోర్టులో 1,200 సీట్లు పోయాయట. ఆ మూల వైపు వేలు పెట్టి చూపించాడు గైడు. నాకు ఒళ్లు జలదరించింది. పోటీల రోజుల్లో ఇవన్నీ చెప్పేవాడెవడు?

డ్యూస్_దత్తు
బాబాయి గారూ, టూర్‌లో పచ్చిక మీద కాలు పెట్టనిస్తారా?

బేస్‌లైన్_బాబాయి
ససేమిరా. మనల్నే కాదు, నక్కల్ని కూడా రానివ్వరు. పోటీలు లేని కాలంలో సెంటర్ కోర్టు చుట్టూ సన్నటి కరెంటు తీగ కడతారు. నక్క మూత్రం పడితే గడ్డి మాడిపోతుందట. పావురాల పని చూడటానికి రూఫస్ అనే డేగ ఉంది.

వాలీ_వరలక్ష్మి
బాబాయి గారూ, మీ మాట కాదనను కానీ ఖాళీ స్టేడియం వేరు, ఆట నడుస్తున్న మైదానం వేరు. ఎడ్‌బర్గ్ అభిమానికి కుర్చీలు చూపించి పంపిస్తామా?

గ్రౌండ్ పాస్‌తో ప్రయోజనం ఉందా అని అడిగారు. నా లెక్కలో సెంటర్ కోర్టు కన్నా అదే మేలు. సెంటర్ కోర్టులో పై వరుసలో కూర్చుంటే ఆటగాళ్లు వేలెడంత కనిపిస్తారు. బయటి కోర్టుల్లో గట్టు పక్కన నిలబడితే ఆటగాడు ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. సర్వ్ చేసేముందు బంతుల్లోంచి నున్నటిదాన్ని ఎలా ఏరుకుంటాడో, కోచ్ వైపు ఎలా చూస్తాడో అన్నీ కళ్ల ముందే. నాలుగో నంబరు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న కోర్టుల్లో చాలాచోట్ల ఖాళీ దొరికిన సీట్లో కూర్చోవచ్చు. పదమూడు కోసం మాత్రం వెతకకండి. ఆ నంబరు కోర్టు లేదు. 2009లో దాని స్థానంలోనే కొత్త రెండో నంబరు కోర్టు కట్టారు.

పద్దెనిమిదో కోర్టుకు తప్పకుండా వెళ్లండి. 2010లో ఇస్నర్, మహూ మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు ఆడింది అక్కడే. చివరి సెట్ 70-68. 47-47 దగ్గర స్కోరుబోర్డు ఆగిపోయింది, అంతకు మించి లెక్కపెట్టేలా దాన్ని తయారు చేయలేదు. గోడ మీద ఫలకం ఉంటుంది. అక్కడ నిలబడి ఆ కోర్టు ఎంత చిన్నదో చూస్తే, అంత పెద్ద యుద్ధం ఇక్కడ జరిగిందా అనిపిస్తుంది.

క్రికెట్_కాశీ
పదకొండు గంటలు ఆడి ఒకడు ఓడిపోయాడా! మా టెస్టు మ్యాచ్‌లో అయిదు రోజులు ఆడినా ఇద్దరినీ నొప్పించకుండా ఇంటికి పంపిస్తాం.

నా సందేహం వేరు. ఇంత డబ్బున్న క్లబ్బు టికెట్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తే పోలేదా? జనాన్ని గడ్డిలో కూర్చోబెట్టడం ఎందుకు?

మెల్‌బోర్న్_మాధవి
కాశీ గారి ప్రశ్నే నాదీ. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు గ్రౌండ్ పాస్ ఫోనులో కొనుక్కుని, ట్రామ్ దిగి నేరుగా లోపలికి నడిచి వెళ్తాం. మా అత్తగారిని అలాగే తీసుకెళ్లాను, ఆవిడకు ఏ కష్టమూ కలగలేదు. వృద్ధుల్నీ పసిపిల్లల్నీ తెల్లవారుజామున పార్కుకు రప్పించి దాన్ని సంప్రదాయం అంటే నేను ఒప్పుకోను. తెల్లబట్టల నియమం కూడా అలాంటిదే. 2023 దాకా ఆడపిల్లలు లోపల ముదురు రంగు లాగు వేసుకోవడానికి కూడా అనుమతి లేదు. ఎంతమంది ఎంత ఇబ్బంది పడి ఉంటారు!

లండన్_లావణ్య
బట్టల విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఆ మార్పు ఎప్పుడో రావలసింది. (ఆ నియమం ఆటగాళ్లకే. ప్రేక్షకులు ఏ రంగైనా వేసుకోవచ్చు.)

క్యూ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆన్‌లైన్‌లో పెడితే ఎవరి చేతికి వెళ్తాయో మనకు తెలియదా? మొదటి పోస్టులో చెప్పిన ఆ ధరలే జవాబు. క్యూలో టికెట్ పొద్దున్నే వచ్చిన మనిషికే దక్కుతుంది. కోటీశ్వరుడైనా ముందున్నవాడి వెనకే కూర్చోవాలి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటి వారంలో సెంటర్ కోర్టులో కూర్చోగలిగింది క్యూ వల్లే. బ్యాలట్ నమ్ముకుని ఉంటే ఈపాటికి ఇంకా ఎదురు చూస్తూ ఉండేదాన్ని.

ఎడమచేతి_వాటం
లావణ్య గారి మాటకు సాక్ష్యం నేను చెబుతాను. 2001లో వానల వల్ల పురుషుల ఫైనల్ సోమవారానికి జరిగింది. సుమారు పదివేల టికెట్లను ముందస్తు రిజర్వేషన్ లేకుండా వచ్చినవాళ్లకే అమ్మారు. అప్పట్లో లండన్‌లో చదువుకుంటున్నాను. రాత్రంతా రోడ్డు పక్కన కూర్చుని, పొద్దున టికెట్ చేతిలో పడగానే పరుగెత్తాం. ఇవానిసెవిచ్, రాఫ్టర్. వైల్డ్ కార్డు (ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం) మీద వచ్చిన ఇవానిసెవిచ్ అయిదో సెట్ 9-7తో టైటిల్ కొట్టాడు. సెంటర్ కోర్టులో ఎర్రగళ్ల క్రొయేషియా చొక్కాలు ఒకవైపు, ఆస్ట్రేలియా పసుపు మరోవైపు, అరుపులు, పాటలు. మామూలు ఫైనల్‌కు కోటు వేసుకుని వచ్చి చప్పట్లు కొట్టేవాళ్లు ఆ రోజు లేరు. ఆ మైదానానికి అంత గొంతు ఉందని అప్పుడే తెలిసింది.

బేస్‌లైన్_బాబాయి
అప్పుడు మీ వయసెంత? అదే నేను చెబుతున్నది.

తిరుపతి_టాప్‌స్పిన్
సర్వదర్శనం కంపార్టుమెంట్లలో ఇరవై గంటలు కూర్చున్న జాతి మనది. అరవై ఎనిమిదేళ్ల తెనాలి పెద్దాయనకు పార్కులో అయిదారు గంటలు ఒక లెక్కా? బాబాయి గారు అనవసరంగా భయపెడుతున్నారు.

బేస్‌లైన్_బాబాయి
తిరుమలలో పైన కప్పు ఉంటుంది, వేళకు పాలు, ఉప్మా తెచ్చి ఇస్తారు. ఇక్కడ ఎండొచ్చినా వానొచ్చినా నెత్తి మీదే.

విశాఖ_సర్వ్
మధ్యేమార్గం ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. అసలు పోటీలకు ముందు వారం అర్హత పోటీలు రోహాంప్టన్‌లో జరుగుతాయి. వింబుల్డన్‌కు దగ్గరే. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, ధర తక్కువ. అదే పచ్చిక, పెద్ద స్టాండ్లు లేకపోవడంతో ఆటగాళ్లకు మరీ దగ్గరగా ఉంటాం. మూడు మ్యాచ్‌లు గెలిస్తేనే అసలు పోటీలోకి ప్రవేశం, అందుకని ప్రతి పాయింటుకూ ప్రాణం పెట్టి ఆడతారు. ఓడిపోయిన కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని మన పక్కనుంచే నడిచి వెళ్తాడు. నాకు సెంటర్ కోర్టు కన్నా అక్కడే మనసు నిండింది.

క్లబ్బుకు ఎదురుగా ఉన్న గోల్ఫ్ మైదానం స్థలంలో కొత్తగా 38 కోర్టులు కడితే అర్హత పోటీలు కూడా ప్రధాన మైదానం దగ్గరికే వస్తాయంటున్నారు. చుట్టుపక్కల వాళ్లు పార్కు పోతుందని న్యాయస్థానానికి వెళ్లారు. నాకు వాళ్ల బాధ కూడా న్యాయంగానే తోస్తుంది.

హైదరాబాదీ_ఏస్
తెలుగువాళ్లం ఇంతమంది వింబుల్డన్ గురించి మాట్లాడుకుంటూ సానియా పేరు ఎత్తలేదేమిటి?

2015 జులై 11, మహిళల డబుల్స్ ఫైనల్. నేను గ్రౌండ్ పాస్‌తో లోపలికి వెళ్లి, సాయంత్రం రీసేల్‌లో సెంటర్ కోర్టు టికెట్ సంపాదించాను. సానియా, హింగిస్ ఒకవైపు, మకరోవా, వెస్నినా మరోవైపు. మొదటి సెట్ పోయింది, రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్లో 2-5. నా పక్కన కూర్చున్న ఆంగ్లేయ దంపతులు సంచులు సర్దుకుంటున్నారు. అక్కణ్నుంచి 5-5. వెలుతురు చాలక ఆట ఆపి పైకప్పు మూశారు. ఆ విరామం నాకు నరకం. మళ్లీ మొదలయ్యాక రెండు గేములూ మనవాళ్లే గెలిచారు. మహిళల డబుల్స్‌లో వింబుల్డన్ గెలిచిన తొలి భారతీయురాలు మన హైదరాబాద్ అమ్మాయి.

2005లో ఎల్బీ స్టేడియం పక్కన హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పుడు కూడా స్టాండ్లో ఉన్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్లెవరూ పదేళ్ల తర్వాత ఈ రాత్రిని ఊహించి ఉండరు.

వాలీ_వరలక్ష్మి
ఏస్ గారూ, ఒక్క చేర్పు. ఆ మైదానంలో ఆమెకు అది మొదటి కప్పు కాదు. 2003లోనే క్లేబనోవాతో కలిసి బాలికల డబుల్స్ గెలిచింది. మా చెల్లెలు రాకెట్ పట్టుకున్నది ఆ వార్త చదివే.

డ్యూస్_దత్తు
2012 ఒలింపిక్స్‌లో పేస్‌తో కలిసి మన విష్ణువర్ధన్ ఆడింది కూడా ఇదే మైదానంలో. అప్పుడు రంగు బట్టలతో ఆడారు, కోర్టు చుట్టూ ఊదారంగు తెరలు. చూడ్డానికి వేరే ఊరిలా ఉంది.

పచ్చిక_ప్రేమికుడు
ఏస్ గారు చెప్పిన రీసేల్ ఏమిటి? అది ఎలా?

హైదరాబాదీ_ఏస్
పెద్ద కోర్టుల్లో టికెట్ ఉన్నవాళ్లు మధ్యలో వెళ్లిపోతే వాళ్ల సీట్లను గ్రౌండ్ పాస్ ఉన్నవాళ్లకు మళ్లీ అమ్ముతారు. ధర నామమాత్రం, ఆ డబ్బంతా సేవా కార్యక్రమాలకు వెళ్తుంది. 1954 నుంచీ ఉన్న పద్ధతి. నేను వెళ్లినప్పుడు గట్టు పైన గుమటీ దగ్గర నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనులో వింబుల్డన్ యాప్‌లోనే వరుసలో చేరవచ్చు, నాన్నగారు పెద్ద తెర ఉన్న గుట్ట మీద హాయిగా కూర్చోవచ్చు. లండన్‌లో ఆ రోజుల్లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే, సాయంత్రం ఆరింటికి సీటు దొరికినా బోలెడంత ఆట మిగిలి ఉంటుంది.

పచ్చిక_ప్రేమికుడు
నాన్న వచ్చేశారు. మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. బాబాయి గారి మాట విని నవ్వి, "ఆయన్ని నా మోకాళ్ల గురించి బెంగపడవద్దని చెప్పు" అన్నారు. గుడారం లేదు, తెల్లవారుజామున బయలుదేరుతున్నాం. మొదటి సోమవారం. తినడానికి ఏం పట్టుకెళ్లవచ్చు?

లండన్_లావణ్య
ఇంటి తిండికి అభ్యంతరం లేదు. గట్టి పెట్టెలు, పెద్ద బుట్టలు కాకుండా మెత్తటి సంచిలో తెచ్చుకోండి, మనిషికి ఒకే సంచి. పులిహోర శ్రేష్ఠం, ఎండకు పాడవదు. ఖాళీ నీళ్ల సీసా మరచిపోకండి, లోపల ఉచితంగా నింపుకోవచ్చు. సోమవారం ఎండ మండిపోతుందని చెబుతున్నారు, టోపీ తప్పనిసరి. లోపల నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. నడక కష్టమైతే క్యూలో స్టీవార్డులకు మొదటే చెప్పండి, వాళ్లు చాలా మర్యాదగా సాయం చేస్తారు.

మెల్‌బోర్న్_మాధవి
స్ట్రాబెర్రీలు, మీగడ తప్పక తినిపించండి. 2010 నుంచి 2024 దాకా రెండున్నర పౌండ్ల దగ్గరే ఉంచారు, 2025లో 2.70 చేశారు. ఆ ఒక్క విషయంలో నేను వింబుల్డన్‌ను మెచ్చుకుంటాను. మా దగ్గర తినుబండారాల ధరలు చెప్పుకోకపోవడమే మంచిది.

పచ్చిక_ప్రేమికుడు
వెళ్లి వచ్చాం. అంతా వరుసగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు రాత్రి టూటింగ్‌లో స్నేహితుడి ఇంట్లో పడుకుని, వెలుతురు రాగానే పార్కుకు చేరాం. అప్పటికే మా ముందు వేలల్లో జనం. నాన్న మడత కుర్చీలో కూర్చుని చుట్టూ ఉన్నవాళ్లతో మాటలు కలిపారు. పక్కన షెఫీల్డ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆవిడా ఎడ్‌బర్గ్ అభిమానే. ఇద్దరూ కలిసి 1990 ఫైనల్‌ను పాయింటు పాయింటుగా మళ్లీ ఆడేశారు. నాన్న ఇంగ్లిష్ తడబడినచోట చేత్తో బ్యాక్‌హ్యాండ్ చూపించేవారు, ఆవిడకు వెంటనే అర్థమయ్యేది. మా పులిహోర ఆవిడకూ నచ్చింది. లోపలికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఎండ సంగతి బాబాయి గారు అన్నది అక్షరాలా నిజం, టోర్నీ మొదలయ్యే రోజున అంత వేడి ఇంతకు ముందు ఏ ఏడాదీ లేదట. టోపీ, తడి తువ్వాలు, చెట్ల నీడ పట్టుకుని గడిపాం.

వరలక్ష్మి గారు చెప్పినట్టే ముందు బయటి కోర్టులకు వెళ్లాం. ఒకచోట రెండో వరుసలో సీటు దొరికింది. అర్హత పోటీల నుంచి వచ్చిన ఒక కుర్రాడు సర్వ్ చేశాడు. నాన్న ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు. "బంతి తగిలే చప్పుడు టీవీలో ఇలా ఉండదురా" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఒక్క మాట లేదు, మెడ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఆయనకు రెండు విషయాలు నచ్చలేదు. ఒకటి, లైన్ జడ్జీలు లేకపోవడం. 2025 నుంచే వాళ్లను తీసేసి యంత్రానికి అప్పగించారు. గీతల వెనక వంగి నిలబడే ఆ మనుషులు లేకుండా కోర్టు బోసిగా ఉందన్నారు. రెండోది, ఎవరూ నెట్ దగ్గరికి రాకపోవడం. గడ్డి మార్చారు నాన్నా, 2001 నుంచి పూర్తిగా రై గడ్డే వేస్తున్నారు, నేల గట్టిపడి బంతి పైకి లేస్తోంది అని చెప్పాను. "అయినా రావచ్చు, ధైర్యం ఉండాలి" అన్నారు. ఆ మాట మీద నేను ఆయనతో వాదించలేదు.

సాయంత్రం గుట్ట ఎక్కి పెద్ద తెర మీద అల్కరాజ్, ఫోనీనీ అయిదో సెట్ చూశాం. మధ్యలో ఎండదెబ్బకు ప్రేక్షకుల్లో ఒకావిడ సొమ్మసిల్లితే ఆట ఆపారు. అల్కరాజ్ స్వయంగా నీళ్ల సీసా తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాడు. గుట్ట మీద అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాన్న, "చాంపియన్ అంటే వాడురా" అన్నారు. అప్పటిదాకా అల్కరాజ్ ఆట తొందరపాటు ఆట అనేవారు.

అప్పుడే ఫోను మోగింది, రీసేల్‌లో ఒకటో నంబరు కోర్టు! ఫ్రిట్జ్, పెరికార్డ్ ఆడుతున్నారు. మేం వెళ్లేసరికి రెండో సెట్ నడుస్తోంది. మొదట్లోనే పెరికార్డ్ గంటకు 153 మైళ్ల సర్వ్ కొట్టాడని, వింబుల్డన్ చరిత్రలో అదే అతి వేగమైనదని పక్కవాళ్లు చెప్పారు. ఆ పాయింటు మాత్రం ఫ్రిట్జ్‌దేనట. రెండు సెట్లు వెనకబడ్డ ఫ్రిట్జ్ రెండూ తిరిగి సాధించి సమం చేశాడు. పది దాటాక ఆట ఆపేశారు, అయిదో సెట్ మర్నాటికి. పదకొండు తర్వాత ఆడకూడదన్న నిబంధన ఉంది కదా. నాన్నకు కోపం వచ్చింది, "ఇంకా ముప్పావుగంట ఉండగా ఎందుకు ఆపారు?" అని నన్ను అడిగారు. స్టేషన్ దాకా అదే మాట.

బేస్‌లైన్_బాబాయి
మోకాళ్లు?

పచ్చిక_ప్రేమికుడు
మర్నాడు రోజంతా మంచం మీదే, వేడినీళ్ల కాపడం. పొద్దున్నే అడిగిన మొదటి మాట మాత్రం "ఫ్రిట్జ్ గెలిచాడా?" (గెలిచాడు, 6-4.)

వాలీ_వరలక్ష్మి
పద్దెనిమిదో కోర్టు ఫలకం చూశారా?

పచ్చిక_ప్రేమికుడు
చూశాం. నాన్న ఫలకం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. పాతకాలపు చాంపియన్ ఫ్రెడ్ పెర్రీ విగ్రహం దగ్గర ఇంకొకటి.

తిరుపతి_టాప్‌స్పిన్
"అయినా రావచ్చు, ధైర్యం ఉండాలి." పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. మా అకాడమీలో పిల్లలంతా బేస్‌లైన్ వెనక్కి పోయి గుంజీలు తీస్తున్నట్టు ఆడుతున్నారు. రేపటి నుంచి వారానికొక పూట వాలీలే (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బలు) ఆడిస్తాను.

ఎడమచేతి_వాటం
గడ్డి గురించి నాదీ అదే బాధ. 2001లో నేను చూసిన ఫైనల్లో ఇద్దరూ ప్రతి సర్వ్ వెనకా నెట్ దగ్గరికి వచ్చినవాళ్లే. మరుసటి ఏడాది ఫైనల్ హ్యూవిట్, నల్బాండియన్. ఇద్దరూ బేస్‌లైన్ వదల్లేదు. గడ్డి ఒక్కటే కారణం కాదు, రాకెట్ తీగలు కూడా మారాయి. కానీ ఆ మార్పు అంత త్వరగా కళ్లకు కనిపించడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మెల్‌బోర్న్_మాధవి
రిపోర్టు చదివాక కూడా క్యూ మీద నా అభిప్రాయం మారలేదు. ఆ ఎండలో పెద్దవాళ్లకు ఏమైనా అయితే? కనీసం అరవై దాటినవాళ్లకు నీడ ఉన్న వరుస వేరుగా పెట్టాలి. అయితే షెఫీల్డ్ పెద్దావిడ మాత్రం మా మెల్‌బోర్న్ ట్రామ్‌లో దొరకదు, అది ఒప్పుకుంటున్నాను.

లండన్_లావణ్య
నీడ ఉన్న వరుస మంచి ఆలోచన. వాళ్లు ఏటా ప్రేక్షకుల అభిప్రాయాలు అడుగుతారు. నేను రాస్తాను, మీరూ రాయండి.

బేస్‌లైన్_బాబాయి
నాన్నగారు ఇంకా ఎన్నాళ్లుంటారు? టూర్ సంగతి మళ్లీ అడుగుతున్నాను.

పచ్చిక_ప్రేమికుడు
సెప్టెంబరు చివరి దాకా. మీ మాట కూడా వింటాం బాబాయి గారూ. నాన్న ఇప్పటికే అడిగారు, సెంటర్ కోర్టు లోపలికి వెళ్లలేకపోయాం కదా అని.

బేస్‌లైన్_బాబాయి
సంతోషం. టూర్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వారాంతాల్లో త్వరగా అయిపోతాయి. టూర్ గంటన్నరే కానీ మ్యూజియానికి ఇంకో రెండు గంటలు పెట్టుకోండి. పోటీలు అయ్యాక పాత గడ్డి గీకేసి కొత్త విత్తనం చల్లుతారు కాబట్టి కోర్టు టీవీలో చూసినంత పచ్చగా ఉండకపోవచ్చు, ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి. మధ్యలో కూర్చోవడానికి చోటు ఎక్కడుందో గైడును మొదటే అడగండి.

క్రికెట్_కాశీ
ఇదంతా చదివాక వచ్చే ఏడాది నేనూ వెళ్లాలనుకుంటున్నాను. అక్టోబరులో కొవెంట్రీకి మారుతున్నాను. ఇప్పుడే ఏమైనా చేయాలా?

లండన్_లావణ్య
చేయాలి. వింబుల్డన్ సైట్‌లో ఖాతా ఇప్పుడే తెరవండి. బ్యాలట్ సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతుంది, కొద్ది రోజులే ఉంటుంది, చాలామంది జూన్‌లో గుర్తొచ్చి అడుగుతారు. మీరు మారేది అక్టోబరులో కదా, చిరునామా ఏది ఇవ్వాలో నిబంధనలు చదివి నింపండి. రాకపోతే జూన్ చివర్లో ఇక్కడే అడగండి, ఆ ఏడాది క్యూ నియమాలు ఏం మారాయో చెబుతాను.